టరంటులా బొరియ మూసుకుంటే తవ్వి చూడాలా?

మీ టెక్సాస్ బ్రౌన్ టరంటులా వారాల తరబడి బొరియ నోరు మట్టితో మూసుకుని ఉందని, బతికుందో లేదో తవ్వి చూడాలా అని అడిగారు. దయచేసి తవ్వకండి. ఈ జాతి ఆడసాలీడును నేను ఆస్టిన్‌లో ఏళ్లుగా పెంచుతున్నాను. చలికాలం వస్తే అదీ ఇదే పని చేస్తుంది.

టెక్సాస్, ఓక్లహోమా గడ్డి నేలల్లోనూ అంతే. చలి మొదలవగానే మట్టి, దారం కలిపి నోరు బిగించుకుని వసంతం దాకా లోపలే ఉంటుంది. వేసవిలోనైతే పగటిపూట పలుచని దారపు తెర మాత్రం కడుతుంది. ఉదయం వంగి చూస్తే గుండ్రటి కన్నం మీద ఆ తెర మంచుతో తడిసి మెరుస్తుంటుంది. చీకటి పడ్డాక అంచున ముందుకాళ్ల కొనలు రెండు కనిపిస్తాయి. దగ్గరలో పురుగు నడిచిన అదురు వాటికి చాలు. కొన్ని బొరియల్లో ఒక చిన్న కప్ప కూడా కాపురముంటుంది. సాలీడు దాని జోలికి పోదు, కప్ప చీమలను తింటుంది. నాకెంతో ఇష్టమైన స్నేహం ఇది.

బొరియ దగ్గర అలికిడి అంటే సాలీడుకు భయం ఉండాల్సిందే. పెప్సిస్ కందిరీగ వచ్చి కుట్టి, కదలకుండా చేసి, ఒంటి మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు దాన్ని బతికుండగానే తింటుంది. మీరు పుల్లతో కెలికితే అది ఎలా బెదిరిపోతుందో ఆలోచించండి.

తవ్వొద్దనడానికి రెండో కారణం కుబుసం విడవడం. పొట్ట మీద వెంట్రుకలు రాలిన చోట చర్మం నల్లబడితే అదే సూచన. ఆ సమయంలో అది వెల్లకిలా పడుకుంటుంది, చచ్చిందని పొరబడతారు. కొత్త కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. నల్లబడేదాకా మేత వేయకండి. తొట్టిలో మిగిలిన కీచురాళ్లను ఇప్పుడే తీసేయండి, మెత్తని ఒంటిని అవే కొరికేస్తాయి.

గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉంచండి. మట్టి కనీసం 15 సెంటీమీటర్ల లోతుండాలి, గట్టిగా అదిమి వేయాలి. మట్టికీ మూతకూ మధ్య ఎత్తు తక్కువగా ఉండాలి, ఎందుకంటే పైనుంచి పడితే పొట్ట పగిలి చనిపోతుంది.

మగదైతే లెక్క వేరు. పెద్దదయ్యాక ముందుకాళ్లకు కొక్కేలు వస్తాయి, ఆ తర్వాత బతికేది కొన్ని నెలలే. ఆడది 20 ఏళ్లు దాటి బతకగలదు. నిజంగా కంగారు పడాల్సింది ఒక్కటే: అది బయట నేల మీద కాళ్లన్నీ కిందికి ముడుచుకుని కూర్చుంటే. అప్పుడు ముందుగా నోటికి అందేలా నీళ్లు పెట్టండి.