లీగ్ ఫార్మాట్ మారిస్తే అభిమానులకు అంత కోపం ఎందుకు? పదేళ్లుగా చూస్తున్నవాడిగా నా జవాబు

మీ ప్రశ్న ఇది: "మా తమ్ముడు లీగ్ ఆఫ్ లెజెండ్స్ మ్యాచ్‌లు చూస్తాడు. లీగ్ ఫార్మాట్ మార్చారని వారం రోజులుగా ఒకటే గొడవ. ఆట అదే, ఆడేవాళ్లూ వాళ్లే. దీనికి ఇంత బాధ ఎందుకు?"

మీ తమ్ముడి బాధ నిజమైనదే. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అంటే జట్టుకి ఐదుగురు చొప్పున రెండు జట్లు ఆడే కంప్యూటర్ ఆట. నేను 2016 నుంచి దాని అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎల్‌సీఎస్ చూస్తున్నాను. ఈ పదేళ్లలో దాని ఫార్మాట్, అంటే మ్యాచ్‌లు ఎన్ని, ఎప్పుడు, ఎలా ఆడాలన్న పద్ధతి, చాలాసార్లు మారింది. పోయినదాన్ని తిరిగి ఇచ్చినప్పుడు సరే, మిగతా ప్రతిసారీ నాకు కోపం వచ్చింది. కొత్తగా తెచ్చినవాటిలో ఒక్కసారి మాత్రం రాలేదు. ఆ ఒక్కసారి ఎందుకు రాలేదో ఆలోచించాకే మిగతా కోపాలు నాకు అర్థమయ్యాయి.

2016 ఆగస్టులో ఎంఎస్ కోసం డల్లాస్ పక్కన రిచర్డ్‌సన్‌కి వచ్చాను. డబుల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో నలుగురం. ఆ ఏడాది సమ్మర్ సీజన్ నుంచే ఎల్‌సీఎస్‌లో బెస్ట్ ఆఫ్ త్రీ మొదలైంది. అంటే మూడు గేమ్‌లలో రెండు గెలిచిన జట్టుదే మ్యాచ్. అంతకుముందు ఒక్క గేమ్‌తోనే మ్యాచ్ తేలిపోయేది. శనివారం మధ్యాహ్నం లాప్‌టాప్‌ని పాత టీవీకి కలిపి, కుక్కర్‌లో పప్పు పెట్టి కూర్చునేవాళ్లం. ఆటని నాకు పరిచయం చేసింది మా సీనియర్, గుంటూరు అన్న. ఆయనతో ప్రతిదానికీ వాదించేది వరంగల్ నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్.

నాకు బాగా గుర్తున్నది గేమ్‌ల కంటే గేమ్‌కీ గేమ్‌కీ మధ్య దొరికే ఆ పది నిమిషాలు. ప్రతి గేమ్‌కి ముందు డ్రాఫ్ట్ ఉంటుంది: జట్లు తాము ఆడించే పాత్రలని, అంటే ఛాంపియన్లని, ఎంచుకుంటాయి, కొన్నింటిని ఎవరికీ దొరక్కుండా బ్యాన్ చేస్తాయి. గాలియో అలాంటి ఒక ఛాంపియన్. మొదటి గేమ్ అయిపోగానే అన్న అల్లం టీ పెట్టడానికి లేచేవాడు. వంటగదిలోంచే, "రెండో గేమ్‌లో గాలియోని బ్యాన్ చేస్తారు రా, రాసి పెట్టుకో" అనేవాడు. మావాడు, ఆ వరంగల్ క్లాస్‌మేట్, సోఫాలోంచి కదలకుండా, "ఇడిచిపెడ్తరన్నా, పందెం?" అనేవాడు. ఓడిన జట్టు ఏ ఛాంపియన్‌ని వదులుకుంటుంది, ఏది లాక్కుంటుంది, కోచ్ ఇప్పుడు వాళ్లకి ఏం చెబుతూ ఉంటాడు అని టీ తాగుతూ తెగ కొట్టుకునేవాళ్లం. డ్రాఫ్ట్ అంటే ఏమిటో, బ్యాన్‌లు ఎందుకు చేస్తారో నేను నేర్చుకున్నది ఆ పది నిమిషాల్లోనే. ఆట చేత్తో నేర్చుకున్నది చాలా తర్వాత.

2018లో బెస్ట్ ఆఫ్ వన్ మళ్లీ వచ్చింది. మా గదిలో అందరికీ మండింది. ఒక్క చెత్త డ్రాఫ్ట్‌తో, ముప్పై ఐదు నిమిషాల్లో మ్యాచ్ పోతుందా అని. క్రికెట్ భాషలో చెప్పాలంటే అది రెండో ఇన్నింగ్స్ లేని టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో తప్పు చేసినవాడు దిద్దుకుంటాడా లేదా అన్నదే కదా అసలు కథ!

అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. లీగ్ చెప్పిన కారణంలో నిజం ఉంది. పది జట్లు, వారానికి పది సిరీస్‌లు. అంటే వారాంతంలో ఇరవై నుంచి ముప్పై గేమ్‌లు. అవి ఒకే స్ట్రీమ్‌లో పట్టక రెండు స్ట్రీమ్‌లు ఒకేసారి నడిపేవారు. చూసేవాళ్లు చీలిపోయారు. మేమూ అంతే. 2017 సగానికి వచ్చేసరికి టీఎస్ఎమ్, క్లౌడ్ నైన్ లాంటి పెద్ద జట్లు ఆడుతుంటేనే టీవీ పెట్టేవాళ్లం. కింద ఉన్న జట్ల సిరీస్‌లు ఒక్కటి కూడా పూర్తిగా చూసిన గుర్తు లేదు. 2018లో రోజుకి ఐదు గేమ్‌లే, ఒకటే స్ట్రీమ్, పది జట్లూ కనిపించేవి. నిజానికి ఆ ఏడాదే నేను ఎక్కువ జట్లని చూశాను. గేమ్‌ల సంఖ్య తగ్గినందుకే నాకు కోపం వచ్చిందని అప్పట్లో అనుకున్నాను. కాదు. టీ తాగే ఆ పది నిమిషాలు పోయాయి, అదీ నా బాధ.

ఈ సంగతి 2023లో ఇంకా బాగా తెలిసింది. అప్పటికి చదువులు అయిపోయి నలుగురం నాలుగు చోట్ల ఉన్నాం. నేను న్యూజెర్సీలో ఎడిసన్‌కి వచ్చేశాను. అయినా శని, ఆదివారాల్లో ఫోన్‌లో గ్రూప్ కాల్ పెట్టుకుని ఎవరింట్లో వాళ్లం మ్యాచ్ చూసేవాళ్లం. 2023 స్ప్రింగ్ నుంచి మ్యాచ్‌లని గురు, శుక్రవారాలకి మార్చారు. వాలరెంట్ అనే ఇంకో ఆట లీగ్ కూడా లాస్ ఏంజెలెస్‌లోనే మొదలై, వారాంతాలు దానికి వెళ్లాయి. పసిఫిక్ టైమ్ ప్రకారం మధ్యాహ్నం అంటే మాకు ఆఫీసులోంచి బయటపడే వేళ. జట్లు పదే, బెస్ట్ ఆఫ్ వనే, రెండు రోజులే. లెక్క చూస్తే ఏమీ మారలేదు. కానీ అభిమానుల్లో అంత కోపం బెస్ట్ ఆఫ్ త్రీ తీసేసినప్పుడు కూడా నేను చూడలేదు.

మా కాల్ మూడో వారానికే ఆగిపోయింది. ఒకడికి మీటింగ్, ఒకడు ట్రాఫిక్‌లో, అన్నకి పాపని డే కేర్ నుంచి తెచ్చుకునే టైమ్. రాత్రి తీరిగ్గా రికార్డింగ్ చూడొచ్చు కదా అనొచ్చు మీరు. చూశాను. ఫలితం తెలియకుండా ఉండాలని ఫోన్ ముట్టుకోకుండా, ఒక్కడినే కూర్చుని చూశాను. రెండు వారాల తర్వాత అదీ మానేశాను.

ఆ ఏడాదే ఫైనల్ నెవార్క్‌లో, ప్రుడెన్షియల్ సెంటర్‌లో పెట్టారు. మా ఇంటి నుంచి రైలెక్కితే చాలు. ఆగస్టు 20, ఆదివారం. డల్లాస్ నుంచి ఇద్దరు విమానంలో వచ్చారు. ఎన్‌ఆర్‌జీ, క్లౌడ్ నైన్ మధ్య మ్యాచ్. ఎన్‌ఆర్‌జీ టాప్ లేనర్, అంటే మ్యాప్‌లో పై దారిలో ఆడేవాడు, భారతీయ మూలాలున్న కుర్రాడు, ఆట పేరు ఢోక్లా. స్క్రీన్ మీద ఆ పేరు పడ్డప్పుడల్లా మా పక్క సీట్లో ఉన్న అమెరికన్ ముసలాయన ఒకతను అరిచేవాడు. రెండో గేమ్ అయ్యాక, "ఢోక్లా అంటే అసలు ఏమిటి?" అని అడిగాడు. శనగపిండితో ఆవిరి మీద చేస్తారు, పైన ఆవాల పోపు పెడతారు, మీరు ఇడ్లీ తిన్నారా అని మావాడు మొదలుపెట్టి మూడో గేమ్ డ్రాఫ్ట్ వరకు చెబుతూనే ఉన్నాడు. ఎన్‌ఆర్‌జీ 3-1తో గెలిచింది. అంతకుముందు విడివిడిగా, రికార్డింగ్‌లలో చూసినదంతా ఆ ఒక్క సాయంత్రానికి సరిపోలేదు.

2024లో వారాంతాలు తిరిగి వచ్చాయి. రెండు జట్లు వెళ్లిపోయి ఎనిమిదే మిగిలాయి. సమ్మర్‌లో బెస్ట్ ఆఫ్ త్రీ కూడా వచ్చింది. మా కాల్ మళ్లీ మొదలైంది. అంతలోనే 2025లో ఎల్‌సీఎస్ పేరే తీసేసి, బ్రెజిల్, లాటిన్ అమెరికా లీగ్‌లతో కలిపి ఎల్‌టీఏ అన్నారు. ఉత్తరం, దక్షిణం అని రెండు భాగాలు.

పేరు మారితే ఏమైంది అనేవాళ్లు మన హైదరాబాదీలని అడగాలి. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012తో అయిపోయింది. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. ఊరికి జట్టు ఉంది, స్టేడియం అదే. అయినా ఆ నీలం జెర్సీ కొనుక్కున్న పిల్లాడికి ఆ ఏడాది ఏదో పోయిందనే అనిపించింది. నాకు తెలుసు, నేనూ కొనుక్కున్నాను. 2013 నుంచి ఉన్న ఎల్‌సీఎస్ పేరు పోయినప్పుడు నాకు అలాగే అనిపించింది.

పేరు ఒక్కటే అయితే సర్దుకునేవాళ్లమేమో. మొదటి స్ప్లిట్‌లో, అంటే ఆ ఏడాది మొదటి సీజన్‌లో, రెండు సిరీస్‌లు ఓడితే ఇంటికే. జనవరి చివర్లో మొదలుపెట్టి ఫిబ్రవరిలోనే బయటికి వెళ్లిన జట్టు మళ్లీ ఏప్రిల్‌లోనే ఆడింది. ఆ జట్టు అభిమాని ఈ మధ్యలో ఏం చూడాలి? ప్రతి మ్యాచ్‌కీ విలువ ఉండాలన్న ఆలోచన మంచిదే. కానీ ప్రతి వారం మన జట్టు కనిపించకపోతే అభిమానం నిలవదు. ఈ విషయంలో అభిమానుల గొడవ నూటికి నూరుపాళ్లు న్యాయమని నా అభిప్రాయం. 2025 సెప్టెంబర్‌లో, 2026 నుంచి మళ్లీ ఎల్‌సీఎస్, బ్రెజిల్ వాళ్లకి మళ్లీ వాళ్ల పాత లీగ్ సీబీలోల్ అని ప్రకటించారు. ఆ రోజు మా గ్రూప్‌లో అన్న ఏమీ రాయకుండా టీ గ్లాసు ఫొటో పెట్టాడు.

ఇక కోపం రాని ఆ ఒక్క మార్పు. అదీ 2025లోనే. ఫియర్‌లెస్ డ్రాఫ్ట్. సిరీస్‌లో ఒక గేమ్‌లో ఎవరు వాడిన ఛాంపియన్ అయినా తర్వాతి గేమ్‌లలో ఇద్దరికీ దొరకదు. గేమ్‌కి పది చొప్పున పక్కకి పోతాయి. ఐదో గేమ్ దాకా వెళ్తే నలభై పోయినట్టే, ఆ గేమ్ బ్యాన్‌లు మళ్లీ వేరు. ముందు కొందరికి నచ్చలేదు. ఆటగాడు తనకి బాగా వచ్చిన ఛాంపియన్‌తో ఆఖరి గేమ్ ఆడలేడు కదా అన్నారు. ఆ మాటలో అర్థం ఉంది. కానీ ప్రతి గేమ్‌లోనూ అవే నాలుగైదు ఛాంపియన్లని చూసి విసిగిన జనం రెండు నెలల్లో దానికి అలవాటు పడిపోయారు. మొదటి స్ప్లిట్ కోసం తెచ్చినదాన్ని ఏడాదంతా ఉంచేశారు.

ఆ నవంబర్‌లో చైనాలోని చెంగ్డూలో వరల్డ్స్ ఫైనల్, అంటే ఈ ఆట ప్రపంచ కప్పు ఫైనల్. కొరియా జట్లు టీ1, కేటీ రోల్‌స్టర్ మధ్య. మాకు అర్ధరాత్రి దాటాక మొదలై, తెల్లవారేటప్పటికి ఐదో గేమ్‌కి వచ్చింది. కాల్‌లో నలుగురం ఉన్నాం. ఒక్కడూ పడుకోలేదు. నలభై ఛాంపియన్లు పోయాక ఏవి మిగిలాయో కాగితం మీద రాసుకుని కూర్చున్నాం. "మిడ్‌లో ఇక ఎవరున్నార్రా?" అంటాడు అన్న, మ్యాప్ మధ్య దారిలో ఆడించడానికి ఏవి మిగిలాయని. మావాడు చదువుతున్నాడు, నేను కొట్టేస్తున్నాను. అన్న వెనకాల గిన్నె చప్పుడు, టీ పొంగుతున్న చప్పుడు. టీ1 3-2తో గెలిచి వరుసగా మూడోసారి కప్పు ఎత్తింది. ఫియర్‌లెస్ మీద నాకు కోపం ఎందుకు రాలేదో ఆ తెల్లవారుజామున తెలిసింది. మిగతా మార్పులు మా పది నిమిషాలని తీసుకెళ్లాయి. ఇది తెచ్చి ఇచ్చింది.

కాబట్టి మీ తమ్ముడిని, "ఎన్ని మ్యాచ్‌లు తగ్గాయి?" అని అడగకండి. "ఇదివరకు ఏ టైమ్‌కి చూసేవాడివి, ఎవరితో చూసేవాడివి?" అని అడగండి. చెబితే వినండి. వీలైతే వచ్చే మ్యాచ్ మొదటి గేమ్ అయిపోయే టైమ్‌కి రెండు టీలు పెట్టుకుని వాడి గదిలోకి వెళ్లండి. "ఇప్పుడు వీళ్లు ఏది బ్యాన్ చేస్తారు?" అని ఒక్క మాట అడిగితే చాలు, మిగతాదంతా వాడే చెప్తాడు.