గడ్డం నల్లబడితే ముందు చూడవలసింది ఉష్ణోగ్రత

రెండు వారాల క్రితం తెచ్చుకున్న మీ ఏడు నెలల బియర్డెడ్ డ్రాగన్ (ఇంట్లో గాజు పెట్టెలో పెంచుకునే ఒక రకం తొండ) గడ్డం, అంటే గొంతు కింది చర్మం, నల్లబడుతోందని, నోరు తెరుచుకుని కూర్చుంటోందని, పెట్టె గాజును గీరుతోందని, అది మీ మీద కోపమా అని అడిగారు. తిరుపతిలో నాలుగేళ్లుగా ఒకదాన్ని పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను, ఈ మూడింటినీ కలిపి కోపమని అనుకోకండి. ఏది ఏ సమయంలో, పెట్టెలో ఏ వైపున కనబడుతోందో విడివిడిగా గమనించండి.

పెట్టెలో ఒక వైపున ఉండే వేడి బల్బు కింద 38 నుంచి 42 డిగ్రీల వేడిలో నోరు తెరవడం ఒంట్లోని అదనపు వేడిని వదిలించుకోవడానికే కనుక కంగారు పడనక్కరలేదు. అదే పని చల్లని వైపున చేస్తుంటే మాత్రం ఆలోచించాలి. మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం మాది బల్బుకు దూరంగా, పొట్ట నేలకు ఆనించి, నోరు తెరిచి కదలకుండా పడుకుంది. ఎప్పుడూ చేసేదేగా అనుకుని అరగంట ఊరుకున్నాను, అది నా తప్పు. అనుమానం వచ్చి థర్మామీటరు పెడితే, 30 దాటకూడని ఆ వైపు 37 చూపించింది. మన ఎండలకు గదే కాగిపోతుంటే బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. అప్పటి నుంచి వేసవి మధ్యాహ్నాల్లో వేడి బల్బు ఆపేసి, ఎండలోలాంటి అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ ట్యూబును మాత్రం ఉంచుతున్నాను. అది లేకపోతే కాల్షియం ఒంటికి పట్టదు, ఎముకలు మెత్తబడతాయి.

ఉదయం లేవగానే వీపు ముదురు రంగులో ఉండటం త్వరగా వేడెక్కడానికే, కాసేపటికి అదే తేలికపడుతుంది. గడ్డం ఉబ్బి నల్లబడి, పక్కటెముకలు పరుచుకుని ఒళ్లు పలకలా అయితే అది భయం. మా ఇంట్లో కారణం కిటికీ గ్రిల్లు మీదికొచ్చే కోతి అని తెలియడానికి వారం పట్టింది. పెట్టెను లోపలి గోడ వైపు జరిపాక తగ్గింది. పొట్ట మీద కోలగా కనబడే నల్లని గీతలు కూడా ఒత్తిడికి గుర్తే కానీ, కొత్త ఇంట్లో పిల్ల వయసులో అవి రావడం మామూలు.

గాజును గీరడానికి చాలాసార్లు అందులో కనిపించే దాని ప్రతిబింబమే కారణమవుతుంది. మూడు వైపులా ముదురు కాగితం అంటించి చూడండి. చేతిని పైనుంచి దించకండి, ఆకాశం నుంచి పడే నీడ దానికి గద్దతో సమానం. పక్కనుంచి, అరచేయి కిందుగా పెట్టి ఎత్తుకోండి.

ఇది పుట్టుకకు ఆస్ట్రేలియాదే అయినా, మన ప్రహరీ గోడ మీద తల ఊపే తొండ కుటుంబానికే చెందినది. తల గబగబా ఊపితే ఈ చోటు నాదని, ముందు కాలు మెల్లగా గాలిలో తిప్పితే నీతో తగవు వద్దని అర్థం. తోడు కోసమని రెండోదాన్ని దయచేసి తేకండి. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవడాన్ని చాలామంది ప్రేమ అనుకుంటారు, నిజానికి పైనున్నది కిందిదానికి అందవలసిన వేడిని, వెలుతురును లాక్కుంటోంది.

కాలివేళ్లు వణకడం, ఊపిరి తీసేటప్పుడు చప్పుడు, నోటి దగ్గర బుడగలు, లోపలికి పోయిన కళ్లు, వీటిలో ఏది కనబడినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరికి అదే రోజు తీసుకెళ్లండి. ఎవరున్నారో తెలియకపోతే ముందుగా మన తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో అడగండి. వెళ్లేటప్పుడు పెట్టె రెండు వైపుల ఉష్ణోగ్రతలూ రాసుకుని వెళ్లండి.