ఇంటికి సోలార్ పెట్టించుకోండి, చెరువు మీటరు లెక్క మాత్రం వేరు

మీరు అడిగినవి రెండండి. భీమవరం పక్కన ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెడితే గిట్టుద్దా అన్నది ఒకటి, అదే ఊపులో రొయ్యల చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు సర్వీసుకి కూడా పెట్టించేస్తే బిల్లు గోల వదిలిపోద్దా అన్నది రెండోది. మాకూ కోనసీమలో ఇల్లుంది, చెరువులున్నాయి. ఇంటికి పెట్టించాం, చెరువుకి పెట్టించలేదు. రెండు చోట్లా ఎండ ఒకటే, ప్యానెళ్ళు ఒకటే, తేడా అంతా మీటరు మీద రాసిన రేటులో ఉందండి.

ముందు ఇంటి సంగతి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకి స్లాబులు కదా, మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆ పైన 400 దాకా 8.75, అది దాటితే 9.75. ఏసీ, ఫ్రిజ్, మోటారు, గీజరు ఉన్న ఇల్లు ఎండాకాలం 400 యూనిట్లు తేలిగ్గా తాగేస్తది, ఒక్క కరెంటుకే 2,500 పైన అవుద్ది, ఫిక్స్‌డ్ చార్జీలు సర్దుబాటు చార్జీలు అవన్నీ వేరే. ఒక కిలోవాట్ రోజుకి సరాసరి 4 యూనిట్లు ఇస్తదనుకుంటే 3 కిలోవాట్లకి నెలకి 350 చిల్లర. అసలు కిటుకు ఎక్కడుందంటే సోలార్ ముందు కోసేది పైనున్న ఖరీదైన స్లాబునే, అంటే 8.75 రూపాయల యూనిట్లు పోయి 1.90, 3 రూపాయల యూనిట్లు మిగుల్తాయి. పైగా కేంద్రం ఇళ్ళ సోలార్‌కి పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30,000 చొప్పున, 3 కిలోవాట్లకి మొత్తం 78,000 సబ్సిడీ వస్తది, ఆ పైన ఎంత పెట్టినా అంతే. సబ్సిడీ పోను చేతి నుంచి లక్ష, లక్షాపాతిక పడినా ఇంత వాడకం ఉన్న ఇంటికి నాలుగైదేళ్ళలో తిరిగొస్తది. అదే నెలకి 100 యూనిట్లు వాడే ఇంటికి ఇంత తొందరగా రాదు, వాళ్ళకి ఒక కిలోవాట్ చాలు. పెద్దది పెట్టేసి మిగిలింది అమ్ముకుందాం అని మాత్రం అనుకోకండి, మనమే వాడుకుని బిల్లులో తగ్గించుకునే యూనిట్ విలువ వేరు, వాడగా మిగిలి లైనులోకి పోయిన యూనిట్‌కి లెక్కగట్టి ఇచ్చే రేటు వేరు.

ఇక్కడ ఒక రూల్ గట్టిగా గుర్తుపెట్టుకోండి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం వినియోగదారుల హక్కుల రూల్స్ మార్చింది, దాని ప్రకారం 10 కిలోవాట్ల లోపు అప్లికేషన్‌కి లైను తట్టుకుంటుందా అని చూసే టెక్నికల్ ఫీజిబిలిటీ స్టడీ అక్కర్లేదు, ఆమోదించినట్టే లెక్క. 5 కిలోవాట్ల లోపు అయితే లైను, ట్రాన్స్‌ఫార్మర్ బలోపేతం చెయ్యాల్సొస్తే ఆ ఖర్చు కూడా డిస్కమ్‌దే, అంటే కరెంటు పంపిణీ కంపెనీదే. కాబట్టి ఏ వెండరైనా ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు అని మిమ్మల్ని డబ్బులు అడిగితే కాయితం మీద రాసిమ్మనండి, రాయరు. తేడా వస్తే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పండి, అక్కడ తెగకపోతే వినియోగదారుల ఫోరం ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 2003 విద్యుత్ చట్టమే మనకిచ్చిన దారి అది.

మన డెల్టాలో బయటోళ్ళు చెప్పని విషయాలు కొన్ని ఉన్నాయండి. కొబ్బరి నీడ అన్నిటికన్నా ముఖ్యం. ఒక మట్ట నీడ ఒక ప్యానెల్ మీద పడ్డా ఆ వరస మొత్తం దిగిపోద్ది, డిసెంబర్ జనవరిల్లో సూర్యుడు దక్షిణంగా కిందకి దిగినప్పుడు చెట్ల నీడలు డాబా మీద ఎక్కడిదాకా వస్తాయో చూసుకోవాలి, వేసవిలో చూసి ఖాయం చేసుకోకండి. సముద్రం దగ్గరైతే ఉప్పుగాలికి మామూలు ఇనప స్టాండ్లు తుప్పు పట్టేస్తాయి, గాల్వనైజ్డ్ స్ట్రక్చర్ అడగండి, పునాది బోల్టులు స్లాబులోకి ఎంత దిగాయో పక్కన నిలబడి చూడండి. 1996 నవంబర్ తుఫాను చూసినోళ్ళకి గాలి గురించి నేను చెప్పక్కర్లేదు. ఇంకోటి, మాది లైను చివరి ఇల్లు, మధ్యాహ్నం ఓల్టేజ్ పెరిగి ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోయేది, లైన్‌మన్ మా సర్వీసుని వేరే ఫేజు మీదకి మార్చాక తగ్గింది. అలాగే లైన్లో కరెంటు పోతే మామూలు గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోద్ది, స్తంభం మీద పనిచేసేవాళ్ళ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది, బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ తీసుకుంటే తప్ప కరెంటు కోతకి ఆదుకోదు.

ఇప్పుడు చెరువు. 10 ఎకరాల లోపు, ఆక్వా జోన్‌లో (చెరువుల సాగుకి ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో) ఉన్న రైతుకి యూనిట్ 1.50 కదా. 10 కిలోవాట్లు పెట్టారనుకోండి, ఏడాదికి సుమారు 14,000 యూనిట్లు, 1.50తో కొడితే 21,000. సూర్యఘర్ సబ్సిడీ ఇళ్ళకే గాని చెరువులకి రాదు, ఐదు లక్షల పైన పెట్టుబడి పాతికేళ్ళకి గాని తిరిగిరాదు, ఈలోపు ఇన్వర్టర్ ఒకసారైనా మార్చాలి. లీజు చెరువైతే అసలు మాటే వద్దు. ఆ 1.50 సబ్సిడీ రేటు రాని సర్వీసు అయితే లెక్క మారుద్ది, మీ బిల్లు తీసి యూనిట్‌కి ఎంత పడుతుందో చూసుకోండి.

రేటు ఒక్కటే కాదండి, టైము కూడా కలిసిరాదు. పగలు నీళ్ళలో నాచు, ప్లాంక్టన్ ఆక్సిజన్ వదుల్తాయి, రాత్రి అవే పీల్చుకుంటాయి, డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోయేది తెల్లారగట్ట. ఏరేటర్ల లోడు ఎక్కువగా రాత్రే, సోలార్ పగలే. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ ఎక్కించకపోతే పంట మొత్తం తేలిపోద్ది, అందుకే ప్రతి గట్టు మీదా డీజిల్ పొగ. చెరువు రైతుకి కావాల్సింది ఉత్త ప్యానెల్ కాదు, రాత్రి ఆదుకునే బ్యాటరీ.

నాకు బాధ కలిగేది ఇక్కడేనండి. 1.50 తియ్యమని నేననను, మేత ధర, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర తెలిసినవాణ్ణి. కానీ ఆ రేటుకీ అసలు ఖర్చుకీ మధ్య తేడా ప్రభుత్వం ఏటా కడుతూనే ఉంటది, ఆ డబ్బు ఏడాది తిరిగేసరికి కనపడదు. అందులో కొంతైనా ఏరేటర్లకి కరెంటిచ్చే లైన్ల (ఫీడర్ల) దగ్గర సోలార్‌కీ బ్యాటరీకీ మళ్ళిస్తే రైతుకి అదే 1.50 ఉంచొచ్చు, డీజిల్ తగ్గించొచ్చు. పొలాల మోటార్ల ఫీడర్లని సోలార్ మీదకి తేవడానికి కేంద్రం పీఎం కుసుమ్ పథకంలో దారి ఉంది, ఆక్వాకి అలాంటిది మన రాష్ట్రమే ఆలోచించాలి. రాత్రి కరెంటు అనగానే బొగ్గే అనుకోనక్కర్లేదు. 460 మెగావాట్లతో కట్టిన దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం ఉంది, అక్కడ టర్బైన్లు తిప్పి వదిలిన నీళ్ళే శబరి మీదుగా గోదారిలో కలిసి మన దాళ్వాని (రబీ వరిని) ఎన్నోసార్లు గట్టెక్కించాయి. ఎగువ సీలేరులో 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదన కూడా ఉంది, పగటి సోలార్‌తో నీళ్ళు పైకి తోడి రాత్రి కిందకి వదలడం. అలాంటివి కడితే తెల్లారగట్ట మన ఏరేటర్ తిరిగేది ఆ కరెంటుతోనే.

వంట గురించి మీరు అడగలేదు గాని చెప్తా. ఇంట్లో పగటి యూనిట్లు మిగులుతుంటే ఇండక్షన్ స్టవ్ పెట్టుకోండి, మా ఇంట్లో మధ్యాహ్నం వంట దాని మీదే, గీజరు కూడా ఎండ వచ్చాకే వేస్తాం. గ్యాస్ మీద బతికే సీమలో ఇదేంటి అంటారేమో. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలల పైన మండింది, 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు. మా కాళ్ళ కింద నుంచి తీసిన గ్యాస్‌కి మేం ఏం కట్టామో మాకు తెలుసండి, అది తక్కువ వాడే దారి దొరికినప్పుడు వదులుకోం.

డిస్కమ్‌లు ఏటా నవంబర్ చివరికి వచ్చే ఏడాది లెక్కలు రేట్లు ఖాయం చేసే విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్‌సీకి) ఇస్తాయి, ఆ తర్వాత బహిరంగ విచారణ జరుగుద్ది, ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు, మాట్లాడొచ్చు. పరిశ్రమల వాళ్ళు లాయర్లని పెట్టుకుని వస్తారు, చెరువు రైతులు పెద్దగా కనపడరు. మీ రైతు సంఘం తరఫున ఒక్క పేజీ రాయండి, ఏరేటర్ల సర్వీసులకి బ్యాటరీ సాయం, పగలు నీళ్ళు తోడుకునే లోడుకి తక్కువ రేటు, ఈ రెండూ అడగండి. ఈలోపు మీ ఇంటి ఏడాది బిల్లుల్లో యూనిట్లు, డాబాకి దక్షిణం వైపు ఏ చెట్లున్నాయో కింద రాయండి, 3 కిలోవాట్లు కావాలో 2 చాలో లెక్కేసి చెప్తాను.