పాత క్యాడిలాక్: బాగు చేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మేయాలా?

ఓహాయో నుంచి ఒక పాఠకురాలు రాశారు. 2009లో 9,000 డాలర్లకు కొన్న 1976 క్యాడిలాక్ ఎల్డొరాడో కన్వర్టిబుల్ (టాప్, అంటే పైకప్పు, మడిచేయగల కారు) ఉంది, ఎర్రది. ఇంజన్ బాగానే ఉంది కానీ డ్రైవర్ వైపు అద్దం దిగట్లేదు, టాప్ సగంలో ఆగిపోతోంది, వెనక బంపర్ పక్క ప్లాస్టిక్ ముక్కలు పగిలాయి, పెయింట్ వెలిసింది. అన్నీ చేయించి అమ్మాలా, అలాగే అమ్మేయాలా, రెండేళ్లు ఆగితే రేటు పెరుగుతుందా అని అడిగారు.

ముందు ఆగే సంగతి. ఆగకండి. 1976లో ఇదే ఆఖరి అమెరికన్ కన్వర్టిబుల్ అని క్యాడిలాక్ ప్రచారం చేస్తే, రేపు బంగారం అవుతుందని చాలామంది కొని నడపకుండా గ్యారేజీల్లో దాచుకున్నారు. ఆ ఏడాది తయారైనవేమో 14,000. అందరూ దాచుకున్నది అరుదైన వస్తువు ఎలా అవుతుంది? పైగా 1984 మోడల్‌తో ఎల్డొరాడో కన్వర్టిబుల్ మళ్లీ వచ్చేసింది. చివర్లో చేసిన 200 తెల్ల కార్ల లెక్క వేరు, మీది అది కాదు. షెడ్డుకి నెలకు 110 డాలర్లు కడుతున్నానన్నారు, రెండేళ్లకు 2,640, ఇన్సూరెన్స్ కాక. రేటు అంతకు మించి పెరిగితేనే మీకు మిగిలేది.

ఇక రిపేర్లు. పెయింట్ జోలికి అసలు వెళ్లకండి. అమ్మే ముందు వేయించిన కొత్త రంగు చూస్తే, కింద తుప్పు దాచారేమో అన్న అనుమానమే కొనేవాళ్లకు ముందు వస్తుంది, వెలిసినా ఒరిజినల్ రంగే వాళ్లకు ధైర్యం. ప్లాస్టిక్ ముక్కలూ వదిలేయండి, ఆ కాలం క్యాడిలాక్‌లలో అవి పెళుసెక్కి పగలడం మామూలే, కొనేవాళ్లకు తెలుసు. అద్దం మాత్రం చేయించండి. టాప్ విషయంలో తొందరపడొద్దు. అది రెండు పక్కల నుంచి లోపలికి మడుచుకునే రకం, ఒక పక్క కదిలి రెండో పక్క కదలకపోతే ఫ్రేమ్ మెలిపడుతుంది, కాబట్టి చేత్తో బలవంతంగా లాగకండి. ఆ పని తెలిసిన మెకానిక్‌తో ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఖర్చు ఎంతో తెలియనప్పుడు కొనేవాళ్లు భయంతో చాలా ఎక్కువే తగ్గించి అడుగుతారు, రాసిన అంకె చూపిస్తే బేరం ఆ అంకె దగ్గరే జరుగుతుంది. చల్లగా ఉన్న ఇంజన్‌ని స్టార్ట్ చేస్తూ ఒక వీడియో తీయండి, పగుళ్ల ఫోటోలు కూడా దాచకుండా పెట్టండి.

రేటు కోసం హ్యాగర్టీ (పాత కార్ల ఇన్సూరెన్స్ కంపెనీ) వాల్యుయేషన్ చూడండి, అందులో కండిషన్‌కి 1 నుంచి 4 దాకా నంబర్లు ఉంటాయి, 1 అన్నిటికన్నా మేలు. మనకు మన కారు ఎప్పుడూ 2 లాగే కనిపిస్తుంది, ఈ లోపాలతో 3, 4 మధ్య పెట్టుకుని ఆలోచించండి.

పన్ను సంగతి: కొన్న ధర కంటే ఎక్కువకు పోతే ఆ లాభం క్యాపిటల్ గెయిన్ కింద చూపించాలి. తక్కువకు పోతే, సొంతానికి వాడుకున్న కారు కాబట్టి ఆ నష్టాన్ని పన్ను లెక్కలో తగ్గించి చూపించుకోవడం కుదరదు.

డబ్బు చేతికొచ్చేటప్పుడు జాగ్రత్త. క్యాషియర్స్ చెక్ (బ్యాంకే తన పేరు మీద రాసిచ్చే చెక్) ఇస్తామంటే ఆ చెక్ ఇచ్చే బ్యాంకులోనే కలవండి, దొంగ చెక్కులు చూడటానికి అచ్చం అసలు వాటిలాగే ఉంటాయి. ఓహాయోలో టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద అమ్మేవాళ్ల సంతకం నోటరీ ముందు జరగాలి, ఇంట్లో ముందుగానే సంతకం పెట్టేసి ఉంచకండి. నంబర్ ప్లేట్లు మాత్రం ఊడదీసి మీ దగ్గరే పెట్టుకోండి.