షాక్‌లు మార్చే ముందు ఇది చదువు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగిన స్విఫ్ట్ కొన్నావని, విశాఖలో ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక రోడ్డు బాగోలేని చోట ముందువైపు టకటకమంటోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గాజువాక వైపు ఏదో షెడ్డులో చూపిస్తే నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్చాల్సిందే అన్నారట కదా. డబ్బు కట్టకు, కాస్త ఆగు.

పాత బండిలో సాధారణంగా అన్నిటికన్నా ముందు అరిగేవి ఇనుప భాగాల కీళ్ళలో ఉండే రబ్బరు బుష్‌లు, చక్రం వెనకాల ఉండే సన్నటి లింక్ రాడ్‌లు, చక్రాన్ని కింది ఆర్మ్‌కి కలిపే గుండ్రటి కీళ్ళు, అంటే బాల్ జాయింట్లు. శబ్దం ఎక్కడ వచ్చినా నింద మాత్రం షాక్‌ల మీదే పడుతుంది. అవి మార్చాక కూడా టకటక పోలేదని వచ్చినవాళ్ళని చాలామందినే చూశాను. అందుకే శబ్దం ఎప్పుడు వస్తోందో రెండు మూడు రోజులు గమనించు. నెమ్మదిగా పోతున్నప్పుడు చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళకే టకటకమంటే మొదటి అనుమానం లింక్ రాడ్. బ్రేక్ వేసినప్పుడో, క్లచ్ వదిలినప్పుడో ఒక్కసారి ‘డబ్’మంటే ఆ కింది ఆర్మ్ (లోయర్ ఆర్మ్) బుష్. నిలబెట్టిన బండిలో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ ఉలిక్కిపడ్డట్టు ‘టంగ్’మంటే ముందు షాక్‌ని పైన బాడీకి కలిపే స్ట్రట్ మౌంటింగ్. లింక్ రాడ్‌ని నువ్వే చూసుకోవచ్చు: స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, ఇంజన్ ఆపి, చక్రం వెనకాల చెయ్యి పెట్టి ఊపి చూడు. లూజుగా ఉంటే చేతికే తెలుస్తుంది. షాక్‌ల ఖర్చుతో పోలిస్తే దానిది చాలా తక్కువ.

షాక్ నిజంగా పోయిందా అంటే, ఆ గుర్తులు వేరు. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఒకసారి లేచి కుదురుకోవాలి, రెండు మూడుసార్లు ఊగకూడదు. షాక్ ఒంటి మీద పల్చగా దుమ్ము పట్టినంత తడి ఉంటే ఖంగారు పడక్కర్లేదు. నూనె కిందికి కారుతుంటే మాత్రం మార్చాల్సిందే. టైరు మీద చెయ్యి నిమిరి చూడు, అక్కడక్కడా పల్లాలు పడినట్టు తగిలితే అదీ ఒక గుర్తే. మార్చేటప్పుడు ముందు రెండూ కలిపి, లేదా వెనక రెండూ కలిపి మార్పించు. నాలుగూ ఒకేసారి మార్చాలన్న నియమం ఏమీ లేదు.

వీటన్నిటిలో వాయిదా వెయ్యకూడనిది బాల్ జాయింట్. అది ఊడితే చక్రం పక్కకి ఒరిగిపోతుంది, హైవే మీద లారీల మధ్య ఉన్నావంటే ఇక నీ చేతిలో ఏమీ ఉండదు. జాకీ ఎత్తి, కింద స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఆట, అంటే లూజు, కనిపిస్తే ఇంకొకర్ని బ్రేక్ తొక్కి పట్టమని మళ్ళీ ఊపు. అప్పుడూ ఆట పోకపోతే అది చక్రం బేరింగ్ కాదు, బాల్ జాయింటే. ఆ బండితో అనంతగిరి ఘాట్ ఎక్కాలన్న ఆలోచనే వద్దు. ఒట్టి జాకీని నమ్మి బండి కింద మాత్రం దూరకు నాయనా.

బుష్‌లు మార్పిస్తే ఒక్క విషయం దగ్గరుండి చూసుకో. బోల్టు గట్టిగా బిగించగానే బుష్ లోపలి ఇనుప గొట్టం (స్లీవ్) ఏ కోణంలో ఉంటే అక్కడే కదలకుండా ఉండిపోతుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగించేశారనుకో, బండి కిందికి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. కొత్త బుష్ కూడా తొందరగా చిరిగిపోతుంది. అందుకే ముందు బోల్టులు వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక ఆఖరి బిగింపు చెయ్యమని అడుగు. మెకానిక్ విసుక్కున్నా అడుగు. మంచి మెకానిక్ అయితే నువ్వు అడక్కుండానే అలా చేస్తాడు.

ఇక మన ఊరి సంగతి. నువ్వుండేది పెదవాల్తేరులో, బీచ్ రోడ్డుకి ఎంత దూరమని! ఉప్పుగాలి ముందు స్ప్రింగ్ అడుగు చుట్టునీ, అది కూర్చునే కప్పునీ తింటుంది. అక్కడ ఇసుక, తడి చేరి నిలిచిపోతాయి. నెలకోసారైనా, భీమిలి వైపు వెళ్ళొచ్చాక తప్పకుండా, మంచినీళ్ళతో కింది భాగం కడిగించు. తుప్పు పట్టకుండా ఉంటుందని వాడేసిన ఇంజన్ ఆయిలో, డీజిలో కొట్టిస్తామంటారు, ఒప్పుకోకు. నూనె తగిలితే బుష్‌ల రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పాడైపోతుంది. తుప్పుకి భయపడి బుష్‌లని చంపుకోవడం ఎందుకు?

చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ అన్నిటికన్నా ఆఖర్న. అరిగిన జాయింట్లు అలాగే ఉంచి చేయిస్తే ఆ డబ్బు దండగే.

ఈ ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని ఇంటికి రా, నాతో పాటు నువ్వూ చక్రం పట్టుకుని చూద్దువుగాని. ఏమీ కొనుక్కురాకు. ఏది పోయిందో తేలాక ఇద్దరం వెళ్ళి ఆ సామాను మాత్రమే తెచ్చుకుందాం.

ఇట్లు,
మీ మావయ్య