అరవై రోజుల జీతంతో పెద్ద ఇల్లు కొనవచ్చా?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాము. 29 ఏళ్ల మా అల్లుడుగారు బేస్‌బాల్‌లో ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర ఫీల్డింగ్ చేసే ఆటగాడు). ఇప్పటికి నాలుగు జట్లు మారారు. 2025లో తొలిసారి మేజర్ లీగ్‌లో 60 రోజులు ఉన్నారు, మిగతా సీజన్ దానికి ఒక మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏలో ఆడారు. ఆ డబ్బు చూసుకుని పెద్ద ఇల్లు కొనాలనుకుంటున్నారు. అమ్మాయి ఫార్మసిస్టు. కొనమంటారా?

జవాబు: అంత పెద్ద ఇల్లు ఇప్పుడు వద్దనే చెబుతాను. 2025లో మేజర్ లీగ్ కనీస వేతనం ఏడాదికి 7,60,000 డాలర్లు అయినా, అది జట్టులో ఉన్న రోజుల లెక్కనే అందుతుంది కనుక, రోజుకు సుమారు 4,000 డాలర్ల చొప్పున మీ అల్లుడుగారికి వచ్చింది దాదాపు 2,40,000 డాలర్లు. అందులో ఫెడరల్ పన్ను పోతుంది; టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు అక్కడ ఆడిన రోజులకు తమ వాటా తీసుకుంటాయి.

వచ్చే ఏడాది ఆయన మైనర్ లీగ్ (ట్రిపుల్-ఏ వంటి కింది స్థాయిల) ఒప్పందంతోనే మొదలుపెట్టవలసి రావచ్చు. ట్రిపుల్-ఏ కనీస వేతనం 2023 ఒప్పందం ప్రకారం ఏడాదికి 35,800 డాలర్లే. అనుభవమున్న ఆటగాళ్లు అంతకన్నా ఎక్కువే అడిగి తీసుకుంటారు గాని, రెండో బేస్, షార్ట్‌స్టాప్, మూడో బేస్ మూడు స్థానాల్లోనూ ఆడగలిగిన వారిని కూడా ఎవరికో గాయమైనప్పుడు పిలిచి, అతను కోలుకోగానే వెనక్కి పంపడం ఈ వృత్తిలో మామూలే. అందుచేత ఇంటి రుణాన్ని అమ్మాయి జీతం ఒక్కటే ఉన్నట్టుగా లెక్కవేయండి. ఆ వాయిదా ఆమె జీతంతోనే తీరగలిగితే, అంతటి ఇల్లు కొనండి.

ఆ 60 రోజుల్లో డబ్బుకన్నా విలువైనది ఇంకొకటి ఉంది. మేజర్ లీగ్‌లో 43 రోజుల సర్వీసు పూర్తయితే పింఛను హక్కు స్థిరపడుతుంది. ఆ తరువాత ప్రతి 43 రోజులకూ అది పెరుగుతుంది. అంటే మరో 26 రోజులు ఆడితే రెండో విడత చేరుతుంది. ఏజెంటుతో ఒప్పందం మాట్లాడేటప్పుడు, కాస్త తక్కువ జీతమైనా పైకి పిలుపు వచ్చే అవకాశం ఎక్కువున్న జట్టు మేలని నా అభిప్రాయం.

పన్నులు పోగా మిగిలిన దానిలో ముందుగా ఏడాది ఖర్చులకు సరిపడా పక్కన పెట్టండి, ఎందుకంటే ఆటగాళ్ల సంఘంతో మేజర్ లీగ్ ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1తో తీరుతుంది, లాకౌట్ (జట్ల యజమానులే ఆటను ఆపేయడం) వచ్చే అవకాశాన్ని కొట్టిపారేయలేము. ఆదాయం తగ్గిన ఏళ్లలో ఇద్దరూ రాత్ ఐఆర్‌ఏ అనే పదవీ విరమణ పొదుపు ఖాతాలో పొదుపు చేయండి. ఆ ఖాతాకున్న ఆదాయ పరిమితి అప్పుడు అడ్డురాదు.