మీ ప్రశ్న - మా జవాబు: హెచ్‌ఎండీఏ అంటే మున్సిపాలిటీ కాదండీ

ప్ర: మాది శంకర్‌పల్లి వైపు హెచ్‌ఎండీఏ వెంచర్. ఇల్లు కట్టుకుని వచ్చేశాం కానీ వీధి లైట్లు వెలగవు, చెత్త బండి రాదు. హెచ్‌ఎండీఏ ఆఫీసుకెళ్లి కంప్లైంట్ ఇవ్వాలా?

జ: అంత దూరం వెళ్లకండి, పెట్రోలు దండగ. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీ) చేసేది ప్లానింగ్, లేఅవుట్ పర్మిషన్లు, పెద్ద రోడ్లు, ఇంకా తన భూముల వేలం. 2008లో హుడా (పాత నగరాభివృద్ధి సంస్థ), బుద్ధపూర్ణిమ ప్రాజెక్టు, సైబరాబాద్ అథారిటీ, ఎయిర్‌పోర్టు అథారిటీ అన్నీ కలిపేసి దీన్ని పెట్టారు, అప్పుడు కూడా ఊడ్చే పని దీనికివ్వలేదు. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, దాని మీద ఏ మున్సిపాలిటీ లేదా పంచాయతీ పేరుంటే లైట్లూ చెత్తా వాళ్ల పనే. నీళ్ల సంగతి వేరు, అవుటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపలైతే జలమండలి. ఒక వీధికి ఇంతమంది పెద్దలు, నల్లా రాకపోతే ఎవరి తలుపు కొట్టాలో తెలుసుకోడానికే జనానికి సగం ఓపిక అయిపోతోంది.

ప్ర: బ్రోచర్ మీద ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబర్ ఉంది, ‘హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్’ అని పెద్దక్షరాలతో వేశారు. కళ్లు మూసుకుని కొనేయొచ్చా?

జ: కళ్లు తెరిచే కొనండి. పర్మిషన్ రెండు మెట్లలో వస్తుంది, ముందు డ్రాఫ్ట్ లేఅవుట్, తర్వాత రోడ్లూ డ్రెయిన్లూ వేసి చూపించాక ఫైనల్. ఆ మధ్యలో డెవలపర్ మాట తప్పకుండా 15 శాతం ప్లాట్ల ఏరియాని హెచ్‌ఎండీఏకి మార్టిగేజ్ (తనఖా) చేయించుకుంటారు, ఫైనల్ వచ్చాకే విడిపిస్తారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే, ఏజెంటు చూపించే ‘చివరి రెండు ప్లాట్లు సార్, రేటు తగ్గించి ఇస్తున్నాం’ అనేవి ఒక్కోసారి ఆ మార్టిగేజ్‌లో ఉన్నవే అయ్యుంటాయి. ఫైనల్ లేఅవుట్ కాపీ అడగండి, ప్లాటు నంబర్ పెట్టి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, మార్టిగేజ్ ఉంటే అందులో కనపడుతుంది. పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే మట్టం) హద్దు కూడా చూసుకోండి, 10 హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువైతే దానిచుట్టూ 30 మీటర్ల బఫర్ వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదనుకోండి!

ప్ర: మాది నల్గొండ జిల్లా. మా మండలం కూడా హెచ్‌ఎండీఏలో కలిసిందంటున్నారు. ఇక సర్పంచ్ ఉండడా? పొలం అమ్మెయ్యమని ఒకటే ఫోన్లు.

జ: సర్పంచ్ ఎక్కడికీ పోడు, పంచాయతీ పంచాయతీగానే ఉంటుంది. 2025లో హద్దుని రీజినల్ రింగ్ రోడ్డు దాకా జరిపారు, అంతకుముందు 7 జిల్లాల్లో 7,200 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్నది ఇప్పుడు 11 జిల్లాలు, సుమారు 10,470 చదరపు కిలోమీటర్లు అయింది. మారేదేంటంటే మీ దగ్గర లేఅవుట్ వేయాలన్నా, భూ వినియోగం మార్చాలన్నా ఫైలు హెచ్‌ఎండీఏకే వెళ్తుంది. నాకు నచ్చని ముచ్చట ఒకటుంది. దీని ఛైర్మన్ ముఖ్యమంత్రి, నడిపేది కమిషనర్, మీ ఊరి పొలం పచ్చగా ఉండాలో ప్లాట్లు కావాలో తేల్చేవాళ్లకి మీరు నేరుగా ఓటేసేది లేదు. రాజ్యాంగంలోని 243జెడ్‌ఈ అధికరణ ప్రకారం మహానగర ప్రాంతానికి ప్లాన్ ముసాయిదా వేసే మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీలో కనీసం మూడింట రెండొంతుల మందిని మున్సిపాలిటీల సభ్యులూ పంచాయతీల ఛైర్మన్లూ తమలోంచే ఎన్నుకోవాలి, మన దగ్గర ఆ ఊసే పెద్దగా వినపడదు.

ఇక ఫోన్ల సంగతి. ఏ భూమి దేనికో చెప్తూ 2013లో నోటిఫై చేసిన 2031 మాస్టర్ ప్లాన్ పాత హద్దులకి వేసింది, కొత్తగా కలిసిన ఊళ్లు అందులో లేవు. కాబట్టి ‘మీ సర్వే నంబర్ రెసిడెన్షియల్ జోన్‌లో పడింది’ అని ఎవరైనా చెప్తే ఏ మ్యాప్‌లో పడిందో చూపించమనండి. కొత్త ప్లాన్ ముసాయిదా బయటికొచ్చినప్పుడు అభ్యంతరాలకి గడువిస్తారు, మీ సర్వే నంబర్ వేసి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటిదాకా అడ్వాన్సు పుచ్చుకుని అగ్రిమెంటు మీద మాత్రం సంతకం పెట్టకండి.